ఆదివారం రెండు గంటలు, బుధవారం అరగంట: ఇంటి భోజనం ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు. ఆదివారం నుంచి గురువారం దాకా ఐదు రాత్రి భోజనాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు మధ్యాహ్నపు డబ్బాలు కావాలి. ఒక మనిషి ఒక పూట తినేదాన్ని ఒక వడ్డన అనుకుంటే వారానికి 20 వడ్డనలు. షరతులు మూడు: సాయంత్రం వంటింట్లో 20 నిమిషాలు దాటకూడదు, పళ్లెంలో సగం కూరగాయలుండాలి, వండినదేదీ చెత్తబుట్టలోకి పోకూడదు.

సామాను: గ్రాముల్లో చూపే త్రాసు, పదార్థంలో గుచ్చి వేడి చూసే థర్మామీటరు, ఫ్రిజ్‌లో ఉంచడానికి ఇంకో చిన్న థర్మామీటరు, కాగితపు టేపు, చెరగని పెన్ను. చివరికొచ్చేసరికి ఎక్కువ అక్కరకొచ్చినవి టేపూ పెన్నూనే.

పోషణ లెక్క ఒక్కసారి వేసుకుని గోడకు అంటించాం. పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు కనీసం 0.8 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 48 గ్రాములు. ఉడికిన శనగలు 150 గ్రాముల్లో సుమారు 13, రెండు గుడ్లలో 12, 200 గ్రాముల పెరుగులో 7, ఉడికిన పప్పు 150 గ్రాముల్లో 13, రెండు పూటల అన్నం 300 గ్రాముల్లో 8 గ్రాములుంటాయి. కలిపితే 53. పొడులూ, ప్రత్యేక ఆహారాలూ ఏవీ అక్కర్లేదు. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని, ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగాళాదుంప ఆ 400లోకి రాదు. చాలామంది లెక్క తప్పేది అక్కడే.

0వ వారం: కొలత మాత్రమే

ఏమీ మార్చకుండా ఒక మామూలు సాయంత్రాన్ని గడియారం పెట్టి కొలిచాం. అన్నం, పప్పు, ఒక కూర. మొత్తం 68 నిమిషాలు. అందులో పొయ్యి దగ్గర నిలబడి గరిట తిప్పింది 14 నిమిషాలే. మిగిలిన 54 నిమిషాలూ ఏం వండాలో తేల్చుకోవడానికి, కడగడానికి, తరగడానికి, కుక్కరు ఆవిరి దిగేదాకా ఆగడానికి, గిన్నెలు తోమడానికి పోయాయి.

కాబట్టి త్వరగా వండే చిట్కాలు వెతకడం దండగ. ఆ 14 నిమిషాలను పదికి తెచ్చినా మిగిలేది నాలుగు నిమిషాలు. కోయాల్సింది ఆ 54లోనే.

1వ వారం: పూర్తి కూరలు డబ్బాల్లో. పనికిరాలేదు

అందరూ ముందు చేసేదే చేశాం. ఆదివారం నాడు బంగాళాదుంప-బఠాణీ కూర, శనగల కూర, బీన్స్ వేపుడు, అన్నం వండి 16 డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాం.

సోమవారం బాగుంది. మంగళవారానికి అన్నం గింజ గింజకీ గట్టిపడింది. బుధవారానికి బీన్స్ ఆకుపచ్చ పోయి బూడిదరంగుకి తిరిగింది, మళ్లీ వేడి చేస్తే మెత్తబడి పీచు మాత్రం మిగిలింది. కూరగాయను ఒకసారి పూర్తిగా ఉడికించి, తర్వాత వేడి చేయడమంటే రెండోసారి ఉడికించడమే. గురువారం నాలుగు డబ్బాలు పారేశాం. వండిన పదార్థానికి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులకు మించి ఆయుష్షు లేదు. ఆదివారం వండినదాన్ని శుక్రవారం తినాలనుకోవడమే లెక్కలో తప్పు.

ఇంకొకటి కూడా ఉంది. శనగల కూరను మూడోరోజు తినాలంటే, చెడిపోకపోయినా, చెయ్యి ముందుకు పోదు. ఆ డబ్బా ఫ్రిజ్‌లో ఉండగానే బయటి నుంచి తెప్పించుకుంటారు. ఏం తినాలో మూడు రోజుల ముందే తేల్చేయడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఎంత బాగా వండినా తీరదు.

ఈ వారం తేలింది: వంటలో రెండు రకాల పనులున్నాయి. ముందు చేసిపెట్టినా రుచి చెడనివి కొన్ని: గింజలు ఉడకబెట్టడం, ఉల్లిపాయ వేయించడం, కడగడం, తరగడం. ఆ పూటే చేయాల్సినవి కొన్ని: పులుపు, కొత్తిమీర, చివరి మసాలా, కరకరలాడేది ఏదైనా. మొదటి రకం ఆదివారానికి, రెండో రకం సాయంత్రానికి. దాచాల్సింది కూరను కాదు, సగం పనిని. ఇకనుంచి వీటిని విడిభాగాలు అంటాం.

వారాన్ని కూడా రెండుగా కోశాం. ఆదివారం చేసినది బుధవారం మధ్యాహ్నం దాకా, అంటే 12 వడ్డనలు. బుధవారం సాయంత్రం అరగంట అదనంగా చేసే పని శుక్రవారం మధ్యాహ్నం దాకా, అంటే 8 వడ్డనలు. దీంతో ఫ్రిజ్‌లో ఏదీ మూడు రోజులు దాటదు.

2వ వారం: ఆదివారం వరస

ఆదివారం పనికి పరిమాణాలు ఇవి.

- కాబూలీ శనగలు 500 గ్రాములు. ఉడికాక 1.1 నుంచి 1.2 కిలోలు.
- బియ్యం 660 గ్రాములు. దాదాపు 1.85 కిలోల అన్నం, వడ్డనకు 150 గ్రాముల చొప్పున 12.
- గుడ్లు 8.
- ఉల్లిపాయలు 1 కిలో, టమాటాలు 1 కిలో, వెల్లుల్లి 50 గ్రాములు, అల్లం 50 గ్రాములు, నూనె 80 మిల్లీలీటర్లు. ఇది కూరలన్నిటికీ ఆధారమయ్యే ఉల్లిపాయ-టమాటా ముద్దకు.
- వేయించే కూరగాయలు (కాలీఫ్లవర్, క్యారెట్, క్యాప్సికం) 1.2 కిలోలు.
- పచ్చిగా తరిగి దాచేవి (క్యాబేజీ, క్యారెట్) 800 గ్రాములు.

వరస తప్పితే రెండు గంటలు మూడవుతాయి. సూత్రం ఒక్కటే: దానంతట అదే ఉడికేది ముందు, మనిషి చెయ్యి కావాల్సింది తర్వాత.

మొదటి 10 నిమిషాల్లో ఓవెన్ 220 డిగ్రీలకు పెట్టి, నానిన శనగలు కుక్కర్లో ఎక్కించి, బియ్యం కడిగి నానబెట్టాలి. 10 నుంచి 30 నిమిషాల్లో వేయించే కూరగాయలు 3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక చెంచా నూనె పట్టించి ఓవెన్‌లోకి. 30వ నిమిషంలో ఉల్లిపాయలు పొయ్యి మీద. అవి వేగేలోపు గుడ్లు మరిగే నీళ్లలోకి. ఒక గంటకు అన్నం. మిగతా సమయం తరగడం, చల్లార్చడం, సర్దడం. గిన్నెలు మధ్యమధ్యలో తోమకపోతే చివర అరగంట అదనం.

తప్పులు మూడు జరిగాయి.

ఓవెన్ ట్రే ఇరికిరికిగా నింపాం. 30 × 40 సెంటీమీటర్ల ట్రేలో 1.2 కిలోలు పోశాక ముక్కలు వేగలేదు, ఉడికాయి. కారణం తేలికే. ముక్కల్లోంచి వచ్చే నీరు ఆవిరై పైకి పోవడానికి సందు లేక అక్కడే తిరుగుతుంది. ఆవిరి ఉన్నంతసేపూ ముక్క ఉపరితలం 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడాలంటే అంతకంటే బాగా ఎక్కువ కావాలి. రెండు ట్రేల్లో 600 గ్రాముల చొప్పున, ముక్కకూ ముక్కకూ మధ్య వేలు సందుతో పరిస్తే 28 నిమిషాల్లో అంచులు ఎర్రబడ్డాయి. ఓవెన్ లేనివాళ్లు వెడల్పాటి మందపు బాణలిలో, పెద్దమంట మీద, 300 గ్రాముల చొప్పున వేయించుకోవచ్చు. అక్కడా నియమం అదే.

రెండోది ఉల్లిపాయ. పచ్చి ఉల్లిపాయను మిక్సీలో మెత్తగా రుబ్బి నూనెలో వేశాం, పని తగ్గుతుందని. ఘాటు వాసన వదల్లేదు, అడుగంటింది, చివర్లో చేదు తగిలింది. ఉల్లిపాయ కణాలు ఎంత చితికితే ఆ గంధకపు ఘాటు అంత ఎక్కువ పుడుతుంది. పైగా ముద్ద పట్టుకున్న నీరు ఎగిరేలోపే అడుగు మాడుతుంది. సన్నగా తరిగి, నూనెలో వేసిన వెంటనే 6 గ్రాముల ఉప్పు చల్లితే నీరు త్వరగా వదిలి 25 నుంచి 30 నిమిషాల్లో బంగారు రంగుకొస్తుంది. అల్లం, వెల్లుల్లి ఆ తర్వాత, టమాటాలు వాటి తర్వాత. నూనె అంచుల్లో తేలేదాకా మరో 20 నిమిషాలు. రుబ్బాలనుకుంటే వేగిన తర్వాత రుబ్బాలి. చివరికి కిలోకు కొంచెం పైన ముద్ద వచ్చింది. 100 గ్రాముల చొప్పున పది భాగాలు, ఒక్కోటి ఇద్దరి కూరకు సరి.

మూడోది చిన్నదే. గుడ్లను చన్నీళ్లలో వేసి మరిగించాం, పెంకుకు తెల్లసొన అంటుకుపోయింది. మరిగే నీళ్లలో వేసి 11 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో 10 నిమిషాలు పెడితే పెంకు తేలిగ్గా వస్తుంది. 15 నిమిషాలు దాటితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం పడుతుంది. హాని లేదు గానీ వాసన ఉంటుంది. పెంకుతోనే దాస్తే ఫ్రిజ్‌లో వారం ఉంటాయి, ఒలిచి దాస్తే అంత నిలవవు.

సమయం: 2 గంటల 40 నిమిషాలు. లక్ష్యానికి 40 ఎక్కువ.

3వ వారం: గింజలు ఉడకలేదు

ఈ వారం శనగలు 25 నిమిషాలు కుక్కర్లో ఉన్నా లోపల పలుకు మిగిలింది. నాలుగు కారణాలు ఒకదాని తర్వాత ఒకటి తీసేస్తూ వెళ్లాం.

గింజ వయసు. వేడిగా, తేమగా ఉన్న చోట చాలాకాలం నిలవున్న గింజ ఎంత నానబెట్టినా సరిగా మెత్తబడదు. పొట్టు ముడతలు పడి, కొన్ని గింజలు నీళ్లలో ఉబ్బకుండా రాళ్లలా మిగిలితే అనుమానించాలి. నీళ్లు. కాల్షియం ఎక్కువుండే కఠిన జలం గింజ పొట్టులో కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. పులుపు. టమాటా, చింతపండు, నిమ్మ ముందు పడితే గింజ ఉడకదు, గింజ మెత్తబడ్డాకే ఇవి వేయాలి. నానే సమయం. 5 గంటలు చాలవు.

మాకు కుదిరింది ఉప్పునీటి నానబెట్టుడు. 1.5 లీటర్ల నీళ్లలో 20 గ్రాముల ఉప్పు, 10 గంటలు. ఉప్పులోని సోడియం పొట్టులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం స్థానాన్ని ఆక్రమించడంతో పొట్టు మెత్తగా, చిట్లకుండా ఉడుకుతుంది. ముందు ఉప్పు పడితే గింజలు ఉడకవన్న మాట ఇంటింటా వినబడుతుంది. నానబెట్టే నీళ్ల విషయంలో జరిగేది దానికి తలకిందులు. ఎండాకాలం రాత్రయితే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే నురగ కట్టి పులిసిపోతుంది. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఆవిరి నిండాక 15 నిమిషాలు, మంట ఆపి ఆవిరి దానంతట అదే దిగేదాకా ఆగాలి. విజిళ్ల లెక్క మీద ఆధారపడొద్దు. అది మంటను బట్టి, కుక్కరు వయసును బట్టి మారిపోతుంది. ఆవిరి నిండాక మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టుకుంటే ప్రతివారం ఒకేలా వస్తుంది.

నీళ్లు మరీ కఠినంగా ఉంటే లీటరుకు పావు చెంచా వంటసోడా. అంతకంటే వేస్తే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ పోతుంది.

రాజ్మా దగ్గర మాత్రం జాగ్రత్త. ఎర్ర రాజ్మాలో ఫైటోహెమగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే విషంలా పనిచేసే ఒక మాంసకృత్తి, ఉంటుంది. సగం ఉడికిన గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ 30 నిమిషాలు మరగాలి. ప్రెషర్ కుక్కరు వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది కాబట్టి భయం లేదు. ప్రమాదం గంటల తరబడి సన్నసెగన ఉడికించే విద్యుత్ పాత్రలతో. 80 డిగ్రీల దగ్గర ఆగితే విషం తగ్గకపోగా పెరుగుతుంది. గింజ మెత్తబడిందంటే సురక్షితమని కాదు.

పెసరపప్పు, ఎర్రపప్పు ఆదివారం జాబితాలోంచి తీసేశాం. నానబెట్టకుండానే 15, 20 నిమిషాల్లో మామూలు గిన్నెలో ఉడికేవాటిని ముందు ఉడికించి దాచడం అనవసరపు పని.

4వ వారం: అన్నం, చల్లార్చడం

అన్నం ఫ్రిజ్‌లో గట్టిపడటానికి కారణం నీరు ఆరిపోవడం కాదు. ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థపు గొలుసులు చల్లారాక మళ్లీ వరసలు కట్టుకుంటాయి. ఇది ఫ్రిజ్ వేడి దగ్గరే అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. ఫ్రీజర్లో దాదాపు ఆగిపోతుంది. అందుకని ఒక రోజులో తినే అన్నమే ఫ్రిజ్‌లోకి, మిగతాది నేరుగా ఫ్రీజర్లోకి. 12 వడ్డనల్లో నాలుగు (ఆదివారం రాత్రికి, సోమవారం డబ్బాలకి) కింద, ఎనిమిది 300 గ్రాముల పొట్లాలుగా పైన. వేడి చేసేటప్పుడు పొట్లానికి రెండు పెద్ద చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి, పొగలు వచ్చేదాకా ఉంచితే పొద్దున వండినట్టే ఉంటుంది.

భద్రత లెక్క ఇంతకంటే ముఖ్యం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా విరగదు. "బాగా కాచాం కదా" అన్న ధీమా ఇక్కడ చెల్లదు. అన్నం దించిన గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లోకో ఫ్రీజర్‌లోకో చేర్చాలి.

చల్లార్చడాన్ని థర్మామీటరుతో కొలిచి చూశాం. 1.85 కిలోల అన్నం వండిన గిన్నెలోనే మూతతో ఉంచితే గంటన్నర తర్వాత కూడా మధ్యలో 58 డిగ్రీలు. అదే అన్నం రెండు వెడల్పాటి పళ్లేల్లో 3 సెంటీమీటర్ల మందాన పరిచి ఫ్యాను కింద పెడితే 25 నిమిషాల్లో 30 డిగ్రీలకు వచ్చింది. మందాన్ని సగం చేస్తే చల్లారే సమయం సగం కంటే బాగా తగ్గుతుంది. చిక్కటి కూరలు, గింజలు కూడా అంతే. వాటిలో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే ఇంకో సూక్ష్మజీవి నెమ్మదిగా చల్లారే పెద్ద గిన్నెల్లోనే పెరుగుతుంది. పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి తోయడం రెండు రకాలుగా నష్టం: అది చల్లారదు, పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి.

ఫ్రిజ్ థర్మామీటరు చూపినవి: కింది అర వెనకవైపు 3 డిగ్రీలు, మధ్య అర 5, తలుపు 9. ఉండాల్సింది 4 లేదా అంతకంటే తక్కువ. మీట ఒక గీత పెంచి, మధ్య అరలో గాలి తిరిగేలా డబ్బాల మధ్య సందు వదిలితే మర్నాటికి 4కి దిగింది. తలుపులో ఇక పచ్చళ్లు, సాసులు మాత్రమే.

5వ వారం: ఫ్రీజర్

శనగలు 150 గ్రాముల చొప్పున, ముద్ద 100 గ్రాముల చొప్పున, అన్నం 300 గ్రాముల చొప్పున. అన్నీ జిప్ సంచుల్లో, గాలి నొక్కి తీసేసి, 2 సెంటీమీటర్ల మందాన పలకల్లా పరిచి గడ్డకట్టించాం. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టొచ్చు. పలకగా ఉన్న ముద్ద చన్నీళ్లలో ముంచితే పావుగంటలో వదులవుతుంది. అదే పరిమాణం గుండ్రటి డబ్బాలో ఉంటే గంట దాటినా మధ్యలో ఐసుగడ్డ ఉంటుంది. సంచిలో గాలి మిగిలితే తేమ ఎగిరిపోయి అంచులు తెల్లగా, పొడిబారతాయి. తినొచ్చు గానీ రుచి ఉండదు.

ఒక గాజు సీసా పగిలింది. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మెడ సన్నగా ఉన్న సీసాలో నిండుగా పోస్తే పగలక తప్పదు. గాజే కావాలంటే మెడ లేని వెడల్పు డబ్బా, పైన 2 సెంటీమీటర్ల ఖాళీ.

పచ్చి కూరగాయలు నేరుగా గడ్డకట్టిస్తే నెల తిరిగేసరికి గడ్డి వాసన వస్తుంది. గడ్డకట్టినా ఎంజైములు పూర్తిగా ఆగవు, వాటిని వేడితో ఆపాలి. తెర్లే నీళ్లలో బీన్స్ 3 నిమిషాలు, కాలీఫ్లవర్ 3, క్యారెట్ ముక్కలు 2, పాలకూర 2, బఠాణీలు ఒకటిన్నర. వెంటనే అంతే సేపు ఐసు నీళ్లలో. తర్వాత గుడ్డ మీద పూర్తిగా ఆరాలి. ఈ ఆరబెట్టడం దగ్గరే తొందరపడ్డాం, బీన్స్ అంతా ఒకే రాయిగా అతుక్కుంది. పళ్లెం మీద విడివిడిగా రెండు గంటలు గడ్డకట్టించి అప్పుడు సంచిలో వేస్తే కావలసినన్ని తీసుకోవచ్చు.

ఫ్రీజర్లోకి పంపకూడనివి, తిని చూసి రాసుకున్న జాబితా: ఉడికిన బంగాళాదుంప (ఇసుకలా పలుకుతుంది), ఉడికిన గుడ్డు తెల్లసొన (రబ్బరు), పెరుగు కలిపిన కూర (విరుగుతుంది), మొక్కజొన్న పిండితో చిక్కబరిచిన పులుసు (నీరు విడుతుంది), దోసకాయ, పచ్చి ఆకులు.

ప్రతి సంచి మీదా మూడు ముక్కలు రాయాలి: పేరు, బరువు, తేదీ. పేరు రాయని రెండు సంచులు ఈ వారం దొరికాయి. గడ్డకట్టాక శనగల గుజ్జుకీ అల్లం ముద్దకీ తేడా తెలియదు.

6వ వారం: సాయంత్రం 20 నిమిషాలు

విడిభాగాలు సిద్ధంగా ఉన్నాక ఒక సాయంత్రం ఇలా నడిచింది. పొద్దున బయల్దేరేటప్పుడు శనగలు, ముద్ద, అన్నం పొట్లాలు ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి దించాం. బయట పెట్టి వెళ్లకూడదు.

0వ నిమిషం: బాణలి వేడెక్కుతుండగా ముద్ద పొట్లం వేయడం. 3: కారం, ధనియాల పొడి, అరకప్పు నీళ్లు. 5: శనగలు 300 గ్రాములు. 6: అన్నం మూతపెట్టి వేరే పొయ్యి మీద. 7 నుంచి 12: తరిగిన క్యాబేజీ, క్యారెట్ 250 గ్రాములకు నిమ్మరసం, ఉప్పు, వేరుశనగ పలుకులు కలపడం. 13: ఆదివారం వేయించిన కాలీఫ్లవర్ పొడి బాణలిలో పెద్దమంట మీద 3 నిమిషాలు. 16: కూరలో నిమ్మరసం, కొత్తిమీర. 18: పళ్లెం. కూర మధ్యలో థర్మామీటరు 74 డిగ్రీలు దాటాలి.

మర్నాటి కోసం ఈ కూరలో సగం వడ్డించేముందే తీసి, వెడల్పాటి డబ్బాల్లో పలచగా పోసి గంటలోపు ఫ్రిజ్‌లో పెడతాం. అన్నం మాత్రం వేడి చేసిన దాంట్లోంచి తీయకూడదు. పొట్లం విప్పి చల్లగానే డబ్బాలో సర్దాలి, మధ్యాహ్నం ఒకేసారి వేడవుతుంది. పూర్తయిన కూరనైనా, అన్నాన్నైనా మళ్లీ వేడి చేయడం ఒక్కసారికే.

రుచి విషయంలో ఒక చిక్కు ఎదురైంది. ముద్ద ఒకటే కావడంతో మూడోరోజుకి అన్నీ ఒకే కూరలా తోచాయి. ముద్దలో మసాలా వేయడం మానేశాం. మసాలా ఆ సాయంత్రమే పడుతుంది: ఒకరోజు జీలకర్ర-ధనియాలు, ఒకరోజు మిరియాలు-వెల్లుల్లి, ఒకరోజు వేయించిన నువ్వుల పొడి, పులుపు. అవే శనగలు, అదే ముద్ద, వేరే కూర. ఆదివారం ముద్దలో గరం మసాలా వేస్తే ఆ వారమంతా దాని చేతిలోకి వెళ్లిపోయినట్టే.

ఉప్పు లెక్క. ఒక చెంచా సన్న ఉప్పు సుమారు 6 గ్రాములు. అన్నం కాక కూర, వేపుడు, సలాడ్ కలిపి పూటకు 350 గ్రాములు తింటాం అనుకుంటే, అందులో ఉప్పు 1 శాతం ఉంటే 3.5 గ్రాములు, రెండు పూటలకు 7. పరిమితి దాటిపోయింది. 0.6 శాతానికి తగ్గిస్తే పూటకు 2.1, రెండు పూటలకు 4.2. ఒకేసారి తగ్గిస్తే చప్పగా తోస్తుంది. రెండు వారాల్లో మెట్లు మెట్లుగా తగ్గించి, ఆ లోటును నిమ్మరసంతో పూడ్చాం. నానబెట్టిన ఉప్పునీళ్లు పారబోసినా గింజలో కొంత ఉప్పు మిగులుతుంది, ముద్దలో 6 గ్రాములు ముందే ఉన్నాయి. కూరలో ఉప్పు వేసేముందు రుచి చూడాలన్న నియమం అందుకే. ఇది మరిచి రెండు కూరలు కషాయమయ్యాయి.

7వ వారం: ఆదివారం తప్పిపోయింది

ప్రయాణం వల్ల ఆదివారం పని జరగలేదు. పద్ధతికి ఇదే అసలు పరీక్ష, ఎందుకంటే ఇలాంటి వారాలు వస్తూనే ఉంటాయి. ఫ్రీజర్లో ముద్ద నాలుగు పొట్లాలు, శనగలు మూడు, బీన్స్ అర కిలో ఉన్నాయి. గుడ్లు, ఎర్రపప్పు, బియ్యం ఎప్పుడూ ఉండేవే. సోమవారం: 120 గ్రాముల ఎర్రపప్పు 500 మిల్లీలీటర్ల నీళ్లలో 18 నిమిషాలు, అందులో ముద్ద ఒక పొట్లం, పాలకూర రెండు పిడికిళ్లు. మంగళవారం: ముద్దలో నాలుగు గుడ్లు పగలగొట్టి మూతపెట్టి 7 నిమిషాలు. బుధవారానికి శనగలు. 20 నిమిషాల షరతు ఒక్కరోజే తప్పింది, అన్నం అప్పటికప్పుడు వండాల్సి వచ్చి 31 అయింది.

దీన్నిబట్టి కొత్త నియమం: ఫ్రీజర్లో ఎప్పుడూ మూడు రోజుల సరుకు మిగిలి ఉండాలి. ప్రతి ఆదివారం ముద్ద 10 పొట్లాలు వస్తే వారానికి వాడేది ఏడెనిమిది. ఆ రెండు మూడు పొట్లాలే ఇలాంటి వారానికి పెట్టుబడి.

8వ వారం

ఆదివారం పని 1 గంట 55 నిమిషాలకు దిగింది. 45 నిమిషాలు తగ్గింది వేగంగా కోయడం వల్ల కాదు, ఓవెన్, కుక్కరు ముందు ఎక్కించడం వల్ల, గిన్నెలు మధ్యలో తోమడం వల్ల. బుధవారం పని (440 గ్రాముల బియ్యం, 600 గ్రాముల కూరగాయలు ఒక ట్రే, గుడ్లు 4) 35 నిమిషాలు. పారేసింది: కొత్తిమీర ఒక కట్ట.

కొత్తిమీర తప్పు మనదే, కడిగి తడిగా దాచాం. ఆకు మీద నిలిచిన నీటితోనే కుళ్లు మొదలవుతుంది. కడగకుండా, వేళ్లు కోసేసి, పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే వారం నిలిచింది. తరిగిన క్యాబేజీ డబ్బా అడుగున కాగితపు రుమాలు పరిస్తే నాలుగు రోజులు కరకరలాడింది.

ఇంకా కుదరనివి: ఆదివారం వేయించిన కాలీఫ్లవర్ మంగళవారానికి మెత్తబడుతోంది, బాణలిలో తిప్పినా మొదటిరోజు కరకర రావడం లేదు. 28 నిమిషాలకు బదులు 20 నిమిషాలకే తీసి, మిగతా వేయింపు సాయంత్రం బాణలిలో పూర్తిచేసి చూడాలి. పళ్ల భాగం ఇంకా లెక్కలోకి రాలేదు, 400 గ్రాముల్లో 320 దగ్గరే ఆగుతున్నాం. తరిగి డబ్బాలో పెట్టిన పండ్లు రంగుమారి మిగిలిపోతున్నాయి. వచ్చే వారం కోయకుండా తినే పండ్లు మాత్రమే, డబ్బాలో కాకుండా డబ్బా పక్కన.